ఏఐబీఈ చదువు, ఒత్తిడి: నల్లగొండ, పాలమూరు జూనియర్ వకీళ్లకు ఎనిమిది వారాల మార్గదర్శి

లా చదివినవారు వకీలుగా ప్రాక్టీస్ సర్టిఫికెట్ కోసం రాసే ఆల్ ఇండియా బార్ ఎగ్జామినేషన్ (ఏఐబీఈ)‌లో 100 ప్రశ్నలు, మూడున్నర గంటల సమయం. బేర్ యాక్టులు, అంటే వ్యాఖ్యానం లేని చట్టాల పుస్తకాలు, పక్కన పెట్టుకుని రాయొచ్చు. తప్పు జవాబుకు మార్కుల కోత లేదు. జనరల్, ఓబీసీ అభ్యర్థులకు 45, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 40 వస్తే పాస్. వింటే ఇంత సులువైన పరీక్ష ఇంకోటి ఉండదనిపిస్తుంది. అయినా నోటిఫికేషన్ వచ్చిన నాటి నుంచి దేవరకొండ, మిర్యాలగూడ, కల్వకుర్తి, వనపర్తి బార్ రూముల్లో జూనియర్ల ముఖాలు వాడిపోతాయి. ఎందుకో ముందు తేల్చుకోవాలి. కారణాన్ని బట్టే మందు.

అన్నిటికన్నా లోతైన కారణం సిగ్గు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష తప్పితే ఎవరూ ఏమీ అనరు. ఇక్కడ మాత్రం "పుస్తకం జూసి రాసే పరీక్షల గూడ తప్పినవా" అనే ఒక్క మాట చాలు, మనిషి కుంగిపోవడానికి. ఆ మాట ఇంకా ఎవరూ అనకముందే మనమే రాత్రిళ్లు అనుకుంటూ పడుకుంటాం. రెండోది, చదవాల్సింది ఎంతో తెలియకపోవడం. సిలబస్‌లో 19 అంశాలు చూడగానే ఎల్ఎల్‌బీ మొత్తం మళ్లీ చదవాలేమో అనిపిస్తుంది. మూడోది టైం. పొద్దున కోర్టు, సాయంత్రం సీనియర్ ఆఫీసు, ఇంటికొచ్చేసరికి తొమ్మిది. నాలుగోది 2024 జులై 1న మారిన క్రిమినల్ చట్టాలు: కాలేజీలో చదివింది ఒకటి, పేపర్‌లో వచ్చేది ఇంకొకటి.

ఇందులో మనసుకు చెప్పుకునే ధైర్యంతో తగ్గేది ఏదీ లేదు. ఈ భయం చాలావరకు కొలత తెలియని భయం. ఎన్ని మార్కులు ఎక్కడున్నాయో, ఒక సెక్షన్ దొరకడానికి మీకు ఎన్ని సెకన్లు పడుతుందో తెలిసిన రోజు నుంచి అది తగ్గుతూ వస్తుంది. కింద చెప్పే అడుగులన్నీ ఆ కొలత కోసమే.

అడుగు 1: మార్కుల లెక్క గోడకు అంటించండి

పుస్తకం తెరవకముందే ఒక తెల్లకాగితం మీద ఇది రాయండి. రాజ్యాంగం 10, సివిల్ ప్రొసీజర్ కోడ్ 10, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలోది) 10, భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ స్థానంలోది) 8, భారతీయ సాక్ష్య అధినియమ్ (పాత సాక్ష్య చట్టం స్థానంలోది) 8, ఫ్యామిలీ లా 8, కాంట్రాక్ట్–స్పెసిఫిక్ రిలీఫ్–ఆస్తి బదిలీ–నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ అన్నీ కలిపి 8. ఈ ఏడింటికే 62 ప్రశ్నలు.

మిగతా 38 చిన్నచిన్న ముక్కలు. టార్ట్, మోటారు వాహనాలు, వినియోగదారుల రక్షణ కలిపి 5. ఆర్బిట్రేషన్, ప్రజాప్రయోజన వ్యాజ్యం (పిల్), వృత్తి నియమావళి, కార్మిక చట్టాలు, పన్నులు ఒక్కోటి 4. అడ్మినిస్ట్రేటివ్ లా 3. కంపెనీ లా, పర్యావరణం, సైబర్, భూసేకరణ, మేధోసంపత్తి ఒక్కోటి 2. నోటిఫికేషన్‌తో వచ్చే సిలబస్‌తో ఈ అంకెలు ఒకసారి సరిచూసుకోండి, తేడా ఉంటే దిద్దుకోండి.

ఆ కాగితం కిందనే ఇంకో లెక్క వేయండి. పుస్తకం తెరవకుండా జవాబు తెలిసిన ప్రశ్నలు 45 అనుకుందాం, అందులో 38 ఒప్పు. వెతికి రాసినవి 35, అందులో 21 ఒప్పు. మిగిలిన 20 అంచనాతో పెట్టారు, నాలుగు ఆప్షన్లు కాబట్టి సగటున 5 తగులుతాయి. మొత్తం 64. ఇప్పుడు బాగా చెడ్డ రోజు లెక్క: తెలిసినవి 30లో 25, వెతికినవి 35లో 17, అంచనా 35లో 8. మొత్తం 50. అంటే చేయి ఆడని రోజున కూడా గట్టెక్కొచ్చు. 55 ప్రశ్నలు తప్పినా పాసయ్యే పరీక్ష ఇది. రాత్రి నిద్ర పట్టనప్పుడు చూడాల్సింది ఈ రెండు మొత్తాలను.

ఈ లెక్కలో అందరూ పట్టించుకోని మాట ఒకటుంది. రెండు లెక్కల్లోనూ మధ్య వరస, అంటే వెతికి రాసేవి, అవే ఫలితాన్ని తేలుస్తున్నాయి. వెతకడం రానివారికి ఆ 17 కాస్తా 9కి పడిపోతుంది. అప్పుడు మొత్తం 42. ఓపెన్ బుక్ పరీక్షలో జనం తప్పేది సాధారణంగా ఇక్కడే.

అడుగు 2: గంటలు దొరకబుచ్చుకోండి

రోజుకు ఆరు గంటలు చదవాలని టైంటేబుల్ గీసుకుంటే మూడో రోజే తప్పుతుంది. తప్పిన ప్రతి రోజూ ఒత్తిడికి ఎరువు. సోమవారం నుంచి శనివారం దాకా పొద్దున ఐదున్నర నుంచి ఏడు వరకు గంటన్నర, ఆదివారం మూడు గంటలు. వారానికి 12, ఎనిమిది వారాలకు 96 గంటలు. ఈ పరీక్షకు ఇవి చాలు. సాయంత్రం ఆఫీసు తర్వాత చదువు పెట్టుకోకండి. అలసిన కళ్లకు ఒకే పేరా నాలుగుసార్లు చదివినా ఎక్కదు, ఎక్కలేదన్న దిగులు మాత్రం పక్కలోకి వెంట వస్తుంది.

96 గంటలను ఇట్లా పంచండి. మొదటి వారం 12 గంటలు ఒక పాత పేపర్‌కు, విషయసూచికలకు. తర్వాతి నాలుగు వారాలు 48 గంటలు ఏడు పెద్ద సబ్జెక్టులకు: సివిల్ ప్రొసీజర్ 9, నాగరిక్ సురక్షా సంహిత 9, కాంట్రాక్ట్ గుంపు 7, రాజ్యాంగం 6, న్యాయ సంహిత 6, సాక్ష్య అధినియమ్ 6, ఫ్యామిలీ లా 5. ఆరో వారం 12 గంటలు చిన్న సబ్జెక్టులకు. చివరి రెండు వారాలు 24 గంటలు మాక్ పేపర్లకు.

ఇద్దరితో ముందే మాట్లాడాలి. ఒకరు సీనియర్. "సార్, పరీక్షకు ముందు వారం వాయిదాలకు ఇంకో జూనియర్‌ను చూసుకోండి, ఆ తర్వాత నేను అందుకుంటాను" అని నెల ముందే చెప్పండి. ముందు రోజు అడిగితే ఎవరికైనా చికాకే. నెల ముందు అడిగితే కాదనేవాళ్లు తక్కువ.

రెండోది ఇల్లు. ఇటీవలి పరీక్షలు 2023 డిసెంబర్ 10న, 2024 డిసెంబర్ 22న, 2025 నవంబర్ 30న జరిగాయి. మన దిక్కు అది వరి కోతలు, పత్తి తీత, కొనుగోలు కేంద్రం దగ్గర వడ్ల కాపలా నడిచే కాలం. రైతు కుటుంబం నుంచి వచ్చిన జూనియర్‌కు అసలు గొడవ ఇదే. పుస్తకం పట్టుకుంటే నాయిన ఒక్కడే కల్లంలో ఉన్నాడన్న బాధ, కల్లానికి పోతే చదువు పోతుందన్న బాధ. రెండింటినీ మనసులో మోసే బదులు తేదీలు విప్పి చెప్పండి: "నాయినా, ఫలానా ఆదివారం పరీక్ష. ముందు పది రోజులు పొద్దటి పూట నన్ను పిలవకు. సాయంత్రం వడ్ల కాడికి నేనొస్త." మాట ఇచ్చిన పూట తప్పకుండా వెళ్లండి. ఇంట్లోవాళ్లకు పరీక్ష పేరు అర్థం కాకపోవచ్చు, తేదీ, పూట బాగా అర్థమవుతాయి.

అడుగు 3: పుస్తకాలు, భాష

హాల్లోకి అనుమతించేది నోట్స్, కామెంటరీ లేని బేర్ యాక్టులనే. గైడ్లు, ప్రశ్న–జవాబుల పుస్తకాలు, జిరాక్స్ నోట్సు గేటు దగ్గరే ఆగిపోతాయి. అక్కడ పుస్తకం పోతే చేతులు వణుకుతాయి, ఆ వణుకు మొదటి అరగంటను మింగేస్తుంది. అందుకే మొదటి వారంలోనే పరీక్షకు తీసుకెళ్లే పుస్తకాలను వేరు చేయండి. వాటిలో పెన్నుతో ఏమీ రాయొద్దు. చదువుకోవడానికి రాసుకునే ప్రతి వేరుగా ఉండాలి. డబ్బు కుదరకపోతే సీనియర్ దగ్గరున్న పాత ప్రతితో చదవండి, కొత్తది మడత పడకుండా దాచండి. రంగు చీటీలు అంటించుకుని వాటి మీద ఆధారపడటం కూడా మంచి అలవాటు కాదు. ఇన్విజిలేటర్ పీకేయమంటే ఆధారం పోతుంది.

కొనేటప్పుడు మొదటి పేజీలు తిప్పి చూడండి. క్రిమినల్ చట్టాలు కొత్తవేనా, వినియోగదారుల రక్షణ చట్టం 2019దేనా, మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ ఉందా, ఆర్బిట్రేషన్‌లో 2015, 2019, 2021 సవరణలు కలిశాయా. సెకండ్‌హ్యాండ్ పుస్తకం చవగ్గా దొరికి పాత సెక్షన్ చూపిస్తే మార్కు పోతుంది, వెతికిన సమయమూ పోతుంది.

భాష సంగతి. తెలుగులో పేపర్ ఎంచుకున్నవారు చాలామంది బేర్ యాక్టులు మాత్రం ఇంగ్లిష్‌వే వాడుతారు. ప్రశ్నలో "జప్తు" అని ఉంటే పుస్తకంలో "అటాచ్‌మెంట్" కోసం చూడాలని వెంటనే తట్టదు. ప్రశ్న తెలిసినట్టే ఉండి సెక్షన్ దొరకదు. తెలిసీ రాయలేకపోవడం వల్ల వచ్చే కంగారు తెలియకపోవడం కన్నా ఎక్కువ. దరఖాస్తు నింపే ముందే ఒక పాత పేపర్‌ను రెండు భాషల్లో చెరో ఇరవై ప్రశ్నలు చేసి చూడండి. ఏ భాషలో సెక్షన్ త్వరగా దొరికితే దాన్నే పెట్టండి. తెలుగు ఎంచుకుంటే జంట మాటల పట్టిక తయారు చేసుకోండి: జప్తు–అటాచ్‌మెంట్, కాలపరిమితి–లిమిటేషన్, మధ్యంతర ఉత్తర్వు–ఇంటెరిమ్ ఆర్డర్, దావా అర్జీ–ప్లెయింట్, భరణం–మెయింటెనెన్స్, మరణ వాంగ్మూలం–డైయింగ్ డిక్లరేషన్, రుజువు భారం–బర్డెన్ ఆఫ్ ప్రూఫ్. అరవై జంటలు వస్తే చాలు. బస్సులో చదవడానికి ఇంతకన్నా మంచి సరుకు లేదు.

అడుగు 4: సెక్షన్ వేట

ఈ మార్గదర్శిలో అన్నిటికన్నా ఎక్కువ సమయం పెట్టాల్సింది దీనికే. 210 నిమిషాలు, 100 ప్రశ్నలు: ప్రశ్నకు రెండు నిమిషాల ఆరు సెకన్లు. ప్రశ్న చదవడానికి 30 సెకన్లు పోతే, వెతకడానికి మిగిలేది నిమిషంన్నర.

రోజూ గంటన్నరలో మొదటి 20 నిమిషాలు వేటకు ఇవ్వండి. పాత పేపర్ నుంచి పది ప్రశ్నలు. ఫోన్‌లో స్టాప్‌వాచ్. జవాబు తెలిసినా సరే, బేర్ యాక్ట్‌లో ఆ వాక్యం మీద వేలు పెట్టేదాకా ఆపొద్దు. ప్రతి ప్రశ్నకూ పట్టిన సెకన్లు నోట్‌బుక్‌లో రాయండి. మొదట్లో నాలుగు నిమిషాలు పట్టడం మామూలే. నాలుగో వారానికి సగటు 90 సెకన్లలోపు రావాలి.

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. "నాన్–బెయిలబుల్ నేరంలో అరెస్టు అవుతానని భయపడే వ్యక్తి ఎక్కడ దరఖాస్తు చేయాలి?" పుస్తకం మొదటి పేజీ నుంచి తిప్పేవారు 531 సెక్షన్లలో మునిగిపోతారు. పద్ధతి తెలిసినవారు ముందు అనుకునేది: ఇది శిక్ష గురించా, విధానం గురించా? విధానం. కాబట్టి నాగరిక్ సురక్షా సంహిత. అందులో ఏ గుంపు? బెయిలు, బాండ్లు. ఆ అధ్యాయం 478 నుంచి 496 దాకా. విషయసూచికలో ఆ పంతొమ్మిది శీర్షికల మీద కన్ను పోనిస్తే 482 దొరుకుతుంది: హైకోర్టు లేదా సెషన్స్ కోర్టు. మూడు ప్రశ్నలు వేసుకుంటే పని అయిపోయింది: ఏ చట్టం, ఏ అధ్యాయం, ఏ శీర్షిక.

అందుకే సెక్షన్లన్నీ బట్టీ పట్టకండి, గుంపుల సరిహద్దులు గుర్తుపెట్టుకోండి. నాగరిక్ సురక్షా సంహితలో అరెస్టు 35 నుంచి, భరణం 144 నుంచి, పోలీసులకు సమాచారం–దర్యాప్తు 173 నుంచి, బెయిలు 478 నుంచి. న్యాయ సంహితలో సాధారణ మినహాయింపులు 14 నుంచి 44, స్త్రీలు–పిల్లలపై నేరాలు 63 నుంచి, శరీరానికి సంబంధించిన నేరాలు 100 నుంచి, ఆస్తి నేరాలు 303 నుంచి. సాక్ష్య అధినియమ్‌లో రుజువు భారం 104 నుంచి. ఇట్లాంటి సరిహద్దులు చట్టానికి పది చొప్పున తెలిస్తే మిగతా పని విషయసూచిక చేస్తుంది.

సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో చిక్కు వేరు. 158 సెక్షన్లు ముందు, 51 ఆర్డర్లు వెనక. అధికారం సెక్షన్‌లో ఉంటుంది, పద్ధతి ఆర్డర్‌లో ఉంటుంది. రివ్యూ కావాలంటే సెక్షన్ 114, దాని పద్ధతి ఆర్డర్ 47. అడిగేది ఏదో చూసుకోకుండా సెక్షన్లలోనే తిరిగితే మూడు నిమిషాలు పోతాయి. తరచుగా పనికొచ్చే ఆర్డర్లు ఇవి: 6 ప్లీడింగ్స్, 7 ప్లెయింట్, 8 రిటన్ స్టేట్‌మెంట్, 9 హాజరు–గైర్హాజరు, 21 ఎగ్జిక్యూషన్, 22 పార్టీ మరణం, 37 సమ్మరీ దావా, 38 తీర్పుకు ముందు జప్తు, 39 తాత్కాలిక ఇంజంక్షన్, 41 అప్పీలు. కోర్టుకు పోయేవారికి వీటిలో సగం రోజూ చెవిన పడేవే. పొద్దున హాల్లో విన్న పిటిషన్ ఏ ఆర్డర్, ఏ రూల్ కింద వేశారో మధ్యాహ్నం టీ టైంలో తీసి చూడండి. అదీ చదువే.

అడుగు 5: పాత నంబర్లు, కొత్త నంబర్లు

2024 జులై 1కి ముందు జరిగిన నేరాల కేసులు ఇంకా ఐపీసీ కిందనే నడుస్తున్నాయి. కాబట్టి కోర్టులో రోజంతా 302, 420, 498ఏ వింటారు, పేపర్‌లో 103, 318, 85 కనిపిస్తాయి. తల తిరిగినట్టు అనిపిస్తే తప్పు మీది కాదు, రెండు నంబర్ల వరసలు ఒకేసారి వాడుకలో ఉన్న కాలమిది. పరిష్కారం నలభై జంటలతో రెండు వరసల కాగితం. మొదలు పెట్టడానికి ఇవి:

ఐపీసీ నుంచి న్యాయ సంహితకు: హత్య 302 ఇప్పుడు 103. హత్యాయత్నం 307 ఇప్పుడు 109. నిర్లక్ష్యంతో మరణం 304ఏ ఇప్పుడు 106. వరకట్న మరణం 304బీ ఇప్పుడు 80. భర్త, అత్తింటివారి క్రూరత్వం 498ఏ ఇప్పుడు 85. మోసం 420 ఇప్పుడు 318లోని నాలుగో ఉపసెక్షన్. సీఆర్‌పీసీ నుంచి నాగరిక్ సురక్షా సంహితకు: ఎఫ్ఐఆర్ 154 ఇప్పుడు 173. పోలీసు నోటీసు 41ఏ ఇప్పుడు 35లోని మూడో ఉపసెక్షన్. రిమాండు 167 ఇప్పుడు 187. భరణం 125 ఇప్పుడు 144. ముందస్తు బెయిలు 438 ఇప్పుడు 482. హైకోర్టు స్వాభావిక అధికారం 482 ఇప్పుడు 528. పాత సాక్ష్య చట్టం నుంచి సాక్ష్య అధినియమ్‌కు: మరణ వాంగ్మూలం 32 ఇప్పుడు 26. ఎలక్ట్రానిక్ రికార్డు 65బీ ఇప్పుడు 63.

ఇందులో 482 దగ్గర జాగ్రత్త. పాత కోడ్‌లో అది కేసు కొట్టేయమని వేసే క్వాష్ పిటిషన్, కొత్తదాంట్లో ముందస్తు బెయిలు. అంకె ఒక్కటే, పని వేరు. ఆప్షన్లలో రెండూ ఉంటే, ప్రశ్నలో ఏ చట్టం పేరుందో దాని కింద గీత గీసుకుని తర్వాతే జవాబు పెట్టండి.

అడుగు 6: చిన్న సబ్జెక్టులను కేసులకు ముడి వేయండి

రెండు మార్కుల సబ్జెక్టుకు 45 నిమిషాలకు మించి ఇవ్వొద్దు. సూచిక చదివి, కాలపరిమితులు, మొత్తాలు, ఎవరి ముందు అప్పీలు అన్న మూడింటిని ఏరుకోండి.

మన జిల్లాల కోర్టుల్లో పనిచేసేవారికి ఇక్కడ పెద్ద ఆసరా ఉంది. హైదరాబాద్–విజయవాడ 65వ నంబర్, హైదరాబాద్–బెంగళూరు 44వ నంబర్ జాతీయ రహదారులు మన జిల్లాల మీదుగానే పోతాయి. ప్రమాద పరిహారం ఓపీలు (ఒరిజినల్ పిటిషన్లు) చూడని జూనియర్ ఉండడు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 166 కింద ఎవరు వేయొచ్చు, గుర్తు తెలియని బండి ఢీకొడితే 161 కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు అన్నవి ఫైల్ తిప్పితేనే వచ్చేస్తాయి. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల వంటి ప్రాజెక్టుల వల్ల భూసేకరణ మాట కూడా ఇక్కడ కొత్త కాదు. 2013 చట్టంలో ప్రైవేటు కంపెనీకైతే 80 శాతం, ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యానికైతే 70 శాతం బాధిత కుటుంబాల సమ్మతి కావాలన్నది, అవార్డు మీద రిఫరెన్స్ సెక్షన్ 64 కింద అన్నది చాలు. చెక్ బౌన్స్‌లో వరస పట్టుకోండి: బ్యాంకు సమాచారం అందాక 30 రోజుల్లో నోటీసు, నోటీసు అందాక చెల్లించడానికి 15 రోజులు, ఆపై నెలలోపు కంప్లయింట్. వినియోగదారుల కమిషన్లకు జిల్లాలో 50 లక్షల దాకా, రాష్ట్రంలో 2 కోట్ల దాకా, ఆపైన జాతీయ కమిషన్.

వృత్తి నియమావళి నాలుగు మార్కులు తేలిగ్గా వదిలేయకండి. అడ్వకేట్స్ యాక్ట్ 1961లో 35 నుంచి 38 దాకా ఒకసారి చదివితే రాష్ట్ర బార్ కౌన్సిల్ విచారణ, బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాకు అప్పీలు, ఆపై సుప్రీంకోర్టు వరస మొత్తం కళ్లకు కడుతుంది.

అడుగు 7: మాక్ పేపర్లు, తప్పుల పద్దు

చివరి రెండు వారాల్లో నాలుగు పూర్తి పేపర్లు, మూడున్నర గంటలు కదలకుండా కూర్చుని. ఆదివారం ఒకటి, వారం మధ్యలో ఒకటి పొద్దుటి గంటన్నరల్లో విడగొట్టినా పర్వాలేదు. ఓఎంఆర్ షీట్ జిరాక్స్ తీయించి దాని మీదే గడులు నింపండి.

మార్కులు చూసుకుని వదిలేస్తే మాక్ వల్ల దిగులు తప్ప లాభం లేదు. ప్రతి తప్పు పక్కన ఒక అక్షరం రాయండి. విషయం తెలియక పోతే "తె". పుస్తకంలో ఉండీ దొరక్కపోతే "దొ". ప్రశ్నలో "కాదు", "తప్ప" వంటి మాట వదిలేసి తొందరలో పెడితే "తొ". మూడూ లెక్కేయండి. "దొ" ఎక్కువైతే వేట పెంచాలి. "తొ" ఎక్కువైతే చదువు తక్కువేమీ కాలేదు, నిద్ర తక్కువైంది లేదా మొదటి గంటలో పరుగు ఎక్కువైంది. "తె" ఎక్కువైతే మాత్రమే మళ్లీ పుస్తకం. చాలామంది ఏ తప్పుకైనా ఇంకా చదవడమే మందు అనుకుని రాత్రి నిద్ర తగ్గించుకుంటారు, "తొ" ఇంకా పెరుగుతుంది.

ఒంటి సంగతి

ఐదింటికి లేవాలంటే పదింటికి పడుకోవాలి. ఏడు గంటల నిద్రలో కోత పెట్టి చదివింది నిలవదు. చదివినదాన్ని మెదడు సర్దుకునేది నిద్రలోనే. టీ మానక్కర్లేదు, సాయంత్రం నాలుగు తర్వాత వద్దు. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది.

పడుకున్నాక పరీక్ష ఆలోచనలు ముసురుకుంటే పక్కలో పొర్లకండి. అసలు తొమ్మిదిన్నరకే పదిహేను నిమిషాలు పెట్టుకుని మనసులో ఉన్నది ఉన్నట్టు రాసేయండి: "కంపెనీ లా ముట్టలేదు", "తప్పితే మామ ఏమంటాడో". ప్రతి వాక్యం పక్కన రేపు చేయగలిగిన పని ఉంటే రాయండి, లేకపోతే ఖాళీగా వదిలేయండి. మామ ఏమంటాడో దాని పక్కన రాయడానికి ఏమీ ఉండదు. అది మీ చేతిలో లేదన్నది కాగితం మీద కనిపిస్తేనే మనసు కొంత ఒప్పుకుంటుంది.

గుండె దడ వచ్చినప్పుడు ఊపిరి నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ బయటికి, ఐదు నిమిషాలు. వదిలే ఊపిరి పొడుగ్గా ఉండటమే కీలకం, గుండె వేగం తగ్గేది దానితోనే. దీన్ని పరీక్ష రోజు మొదటిసారి ప్రయత్నిస్తే పనిచేయదు, ఇంట్లో రోజూ వేటకు ముందు రెండు నిమిషాలు చేసి అలవాటు పడాలి.

మామూలు ఒత్తిడికి హద్దు ఉంది. రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, కోర్టుకు పోవడానికే కాళ్లు రాకపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఆ రోజే చదువు ఆపి మనిషితో మాట్లాడండి. టెలీమానస్ 14416కు ఫోన్ చేయడానికి డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీల ఆసుపత్రులున్నాయి, మానసిక వైద్యుడిని అక్కడ అడగొచ్చు. పరీక్ష మళ్లీ వస్తుంది, ఎన్నిసార్లు రాయాలన్నదానికి పరిమితి లేదు.

పరీక్ష రోజు

సెంటర్ హైదరాబాద్‌లో పడితే ముందు రోజే బయల్దేరండి. నల్లగొండ వైపు నుంచి వచ్చేవారికి ఎల్బీనగర్‌లో దిగి మెట్రో అందుకోవడం సులువు. మహబూబ్‌నగర్ నుంచి బస్సులో అయితే ఆరాంఘర్ లేదా ఎంజీబీఎస్, రైల్లో అయితే కాచిగూడ. సాయంత్రం సెంటర్ గేటు దాకా ఒకసారి వెళ్లి చూసి రండి. కొత్త పేజీ ఏదీ తెరవొద్దు. పుస్తకాలను పెద్ద ఏడు ఒక సంచిలో, చిన్నవి ఇంకో సంచిలో, ఎప్పుడూ ఒకే వరసలో సర్దుకోండి. హాల్ టికెట్, గుర్తింపు కార్డు, రెండు బాల్ పెన్నులు, నీళ్లు. హాల్ టికెట్ మీది సూచనలు పొద్దున్నే మళ్లీ చదవండి. మధ్యాహ్నం పరీక్ష పడితే ఇడ్లీయో, పెరుగన్నమో గంటన్నర ముందు తినండి. బిర్యానీ సాయంత్రానికి.

హాల్లో ముందు ఓఎంఆర్ మీద రోల్ నంబర్, బుక్‌లెట్ సెట్ కోడ్. వీటిలో తప్పు పోతే చదువంతా వృథా కాబట్టి, రెండుసార్లు చూసుకున్నాకే ప్రశ్నలు.

మొదటి 70 నిమిషాలు పుస్తకం ముట్టుకోకుండా నూరు ప్రశ్నలూ ఒక చుట్టు తిరగండి. తెలిసినవి పెట్టేయండి, వెతికితే దొరుకుతాయనుకున్నవాటికి పేపర్‌లో సున్నా, ఏమీ తెలియనివాటికి అడ్డగీత. తర్వాతి 110 నిమిషాలు సున్నాలకు, ఒక్కోదానికి రెండున్నర నిమిషాలు దాటొద్దు. ఒకే చట్టం ప్రశ్నలన్నీ కలిపి వెతకండి, పుస్తకం మళ్లీమళ్లీ తీసి పెట్టే సమయం మిగులుతుంది. చివరి 30 నిమిషాలు అడ్డగీతలకు, గడులు సరిచూడటానికి. ఒక్క గడీ ఖాళీగా వదలకండి. గడులు చివర్లో ఒకేసారి నింపకుండా పది ప్రశ్నలకోసారి నింపుతూ రండి. వరస ఒక్కటి జరిగితే ఆ తర్వాతివన్నీ జరుగుతాయి.

మధ్యలో తల ఖాళీ అయిపోయినట్టు అనిపించే నిమిషం చాలామందికి వస్తుంది, ఎక్కువగా వరసగా మూడు ప్రశ్నలు దొరకనప్పుడు. పెన్ను కింద పెట్టండి. ఆరు పొడుగు ఊపిర్లు. ఆ తర్వాత ఆగిన ప్రశ్నకు పోకుండా, బాగా వచ్చిన చట్టంలో ఒక సున్నా ప్రశ్న తీసుకోండి. ఒక్క సెక్షన్ మీద వేలు పడగానే చెయ్యి మళ్లీ దారిలో పడుతుంది.

రాసి వచ్చాక

తిరుగు బస్సులో జవాబులు పోల్చుకోవద్దు. ఇద్దరూ తప్పు చెప్పుకుని వారం పాటు కుంగినవాళ్లున్నారు. ప్రాథమిక కీ వచ్చినప్పుడు సరిచూసుకోండి. కీలో తప్పుందనిపిస్తే సెక్షన్ ఆధారంతో గడువులోపు అభ్యంతరం పెట్టండి.

పాసైతే ప్రాక్టీస్ సర్టిఫికెట్ వస్తుంది. కాకపోతే ఎన్‌రోల్‌మెంట్ తేదీ తీసి చూడండి. అక్కడి నుంచి రెండేళ్ల తాత్కాలిక గడువులో ఎన్ని నెలలు మిగిలాయో రాసుకోండి. ఆ గడువు ఉన్నంతకాలం కోర్టుకు పోవడంలో అడ్డు లేదు, సీనియర్‌కు ఆ మాట నేరుగా చెప్పండి. తర్వాత కీ ముందు పెట్టుకుని, గుర్తున్న ప్రశ్నల మీద తె, దొ, తొ పద్దు వేయండి. రెండోసారి చదువు ఆ మూడింట్లో పెద్ద అంకె దగ్గర మొదలు కావాలి, మొదటి వారం పని మళ్లీ చేయక్కర్లేదు.